ప్రళయం తర్వాత ఏం చదవాలి?

ఒక నవల మనసుకు పట్టిందంటే, అది ముగించిన మర్నాడు ఏ పుస్తకం తెరిచినా చప్పగానే ఉంటుంది. ప్రళయం తర్వాతి కథలు చదివినవాళ్ళకు ఈ బాధ ఇంకా ఎక్కువ. లోకం కూలిపోయాక మిగిలిన ఇద్దరు ముగ్గురు మనుషుల వెంట మూడు వందల పేజీలు నడిచి వచ్చినవాళ్ళకు మామూలు నవలలోని పెళ్ళిచూపులు, ఆఫీసు తగాదాలు వెంటనే రుచించవు. అలాంటిదే ఇంకొకటి కావాలనిపిస్తుంది. వెతికితే బాంబులు పడినవి, జబ్బు పాకినవి, శవాలు లేచి నడిచినవి వరసగా కనిపిస్తాయి. నాలుగు తెచ్చుకుంటారు, నాలుగూ సగంలో ఆగిపోతాయి. అలాంటి పుస్తకం మళ్ళీ దొరకదనే నిరాశ మిగులుతుంది.

దొరుకుతుంది. మార్చుకోవలసింది వెతికే పద్ధతి. మీకు నచ్చిన నవలలో లోకం ఎలా కూలిపోయిందన్నది పట్టుకుని వెతకకండి. మిగిలినవాళ్ళు దేన్ని కాపాడుకున్నారన్నది పట్టుకుని వెతకండి. ఈ అధ్యాయమంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

కడప జిల్లా పెద్దముడియం లాంటి మండల కేంద్రంలో ఉంటూ చదువుకో పనికో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పోయి వచ్చేవాళ్ళను మనసులో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. పెద్ద పుస్తకాల షాపు దగ్గర్లో లేనంత మాత్రాన మంచి పాఠకుడు కావడానికి అడ్డేమీ లేదు.

కూలిన తీరు ఒక ఎత్తు, మిగిలిన తీరు ఒక ఎత్తు

కార్మాక్ మెకార్థీ 2006లో రాసిన 'ద రోడ్' ఈ తరహా నవలల్లో బాగా పేరున్నది. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. బూడిద కప్పిన దేశంలో ఒక తండ్రి, చిన్న కొడుకు సముద్రం వైపు నడుస్తూ పోతారు. లోకానికి ఏమైందో రచయిత ఎక్కడా చెప్పడు. అణుయుద్ధమా, ఆకాశం నుంచి ఏదైనా పడిందా అన్నది ఆ కథకు అక్కర్లేదు. ఈ నవల నచ్చినవాళ్ళు అణుయుద్ధం నవలల కోసం వెతికితే చేతికి వచ్చేవి సైనిక వ్యూహాలు, రాజకీయ ఎత్తుగడలు. వాళ్ళకు నచ్చింది తండ్రి చేతిలోని కొడుకు చెయ్యి.

మన జిల్లావాళ్ళకు ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం వినకుండా పెరిగినవాళ్ళు ఇక్కడ అరుదు. ఏ వింత జరిగినా 'స్వామి అప్పుడే చెప్పినాడు' అనే మాట బ్రహ్మంగారి మఠం చుట్టుపక్కలే కాదు, తెలుగునాడంతా వినిపిస్తుంది. కాలజ్ఞానం ముఖ్యంగా రాబోయేదాన్ని చెబుతుంది. ప్రళయం తర్వాతి నవల పని వేరు. వచ్చేది వచ్చిపోయాక, మర్నాడు పొద్దున పొయ్యి ఎవరు వెలిగించారు, నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చారు, పిల్లలకు ఏం చెప్పారు అన్నదగ్గర ఆ కథ మొదలవుతుంది. మీకు ఇష్టమైంది హెచ్చరికా, మర్నాటి బతుకా? ముందు ఇది తేల్చుకోండి.

ముందు ఒక కాగితం తీసుకోండి

నచ్చిన నవలను మళ్ళీ తిరగేయకుండా, గుర్తున్నంతలో ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి.

ఒకటి: ఆ నవల తలచుకోగానే కళ్ళముందు కదిలే సన్నివేశం ఏది? కథ మొత్తం వద్దు, ఒక్క సన్నివేశం చాలు.

రెండు: అందులో ఎంతమంది ఉన్నారు? ఒక్కరేనా, ఇద్దరా, గుంపా, ఊరా?

మూడు: వాళ్ళు దేన్ని పోగొట్టుకోకుండా చూసుకుంటున్నారు? బిడ్డనా, తిండినా, పుస్తకాన్నా, పాటనా, మాటనా, మానాన్నా?

నాలుగు: నవల ముగిశాక మీలో మిగిలింది ఏది? భయమా, ఓదార్పా, కోపమా, ఏదైనా చేయాలన్న పట్టుదలా?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబే మీ దారి. నాలుగోది ఎంత బరువున్న పుస్తకం మీకిప్పుడు పనికొస్తుందో చెబుతుంది. జవాబు ఒక్క వాక్యంలో ఉండాలి. 'ఒక ముసలాయన మనవళ్ళకు పాత లోకం గురించి చెప్పడం నాకు నచ్చింది' అని రాసుకున్నవాళ్ళు సగం వెతుకులాట పూర్తిచేసినట్టే.

అయిదు దారులు

మొదటి దారి, చెయ్యి పట్టుకుని నడిచే కథలు. 'ద రోడ్' ఈ దారిలోదే. ఇది నచ్చితే తర్వాత ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన 'పేరబుల్ ఆఫ్ ద సోవర్' చదవండి. కథాకాలం 2024లో మొదలవుతుంది. కాలిఫోర్నియాలో వానలు లేవు, నీళ్ళు కొనాలంటే ఆస్తులు కరిగిపోతాయి, జనం గోడలు కట్టుకుని లోపల బతుకుతున్నారు. లారెన్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి ఆ గోడ ఏదో ఒకనాడు కూలక తప్పదని ముందే గ్రహిస్తుంది. తినదగిన మొక్కల గురించి చదువుకుంటుంది, అవసరమైతే ఎత్తుకుని పోవడానికి మూట సిద్ధం చేసుకుంటుంది. గోడ కూలాక ఉత్తరదిక్కుగా నడుస్తుంది. దారిలో కలిసినవాళ్ళే ఆమెకు కుటుంబమవుతారు. కరువు అంటే ఏమిటో తెలిసిన నేల మీద చదివితే ఈ నవల మరింత దగ్గరగా తగులుతుంది.

దీని పక్కనే మన జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' పెట్టుకోండి. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన నవల ఇది. 2021లో సినిమాగా కూడా వచ్చింది. ఊళ్ళో మేతా నీళ్ళూ కరువై గొర్రెల కాపరులు మందలను తోలుకుని నల్లమల ఎక్కుతారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రవాడు తండ్రి వెంట ఆ అడవికి పోతాడు. లోకం అంతమైపోలేదు. అయినా తండ్రి, కొడుకు, దారి, ఆకలి, పులి భయం అన్నీ అందులో ఉన్నాయి. 'ద రోడ్' చదివి కదిలిపోయిన కడప పాఠకుడు ఈ నవలను వదలకూడదు.

రెండో దారి, ఒంటరిగా నిలిచే కథలు. ఆస్ట్రియా రచయిత్రి మార్లెన్ హౌస్‌హోఫర్ 1963లో రాసిన నవల ఇంగ్లీషులో 'ద వాల్' పేరుతో దొరుకుతుంది. కొండల్లో విడిదికి వచ్చిన ఒక స్త్రీ తెల్లారి లేచేసరికి చుట్టూ కంటికి కనపడని గోడ. గోడకు అవతల ప్రాణమున్నది ఏదీ కదలదు. ఇవతల ఆమె, ఒక కుక్క, ఒక ఆవు, ఒక పిల్లి. ఆలుగడ్డలు నాటడం, గడ్డి కోయడం, పాలు పితకడం, ఆవు ఈనితే దూడను చూసుకోవడం: నవల అంతా ఇదే. సేద్యం ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇందులోని ప్రతి పనీ తెలిసినదే. రోజూ చేసే పని మనిషిని ఎలా నిలబెడుతుందో ఇంత శ్రద్ధగా చెప్పిన నవలలు చాలా తక్కువ.

తెలుగులో ఈ దారిలో కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఉంది. ఒక ముసలివాడు, అడవిలో ఈనిన పంది, దాని పిల్లల కోసం కాచుకున్న నక్కలు, ఒక రాత్రి. చిన్న నవల, ఏకబిగిన చదివేయవచ్చు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన కేశవరెడ్డి సీమ మాటను, సీమ మనిషి మొండితనాన్ని అందులో గట్టిగా పట్టుకున్నారు.

మూడో దారి, మళ్ళీ ఊరు కట్టే కథలు. జార్జ్ స్టీవర్ట్ 1949లో రాసిన 'ఎర్త్ అబైడ్స్'లో జబ్బు వచ్చి దాదాపు అందరూ పోతారు. ఇష్ అనే చదువుకున్న యువకుడు మిగిలినవాళ్ళతో ఒక చిన్న పల్లెను నిలబెడతాడు. పెద్ద గ్రంథాలయాన్ని కాపాడాలని, పిల్లలకు చదువు నేర్పాలని తపిస్తాడు. పిల్లలకు ఆ చదువు పట్టదు. చివరికి వాళ్ళకు విల్లు, బాణం చేయడం నేర్పి తృప్తిపడతాడు. ఒక తరం నుంచి ఇంకో తరానికి నిజంగా ఏది అందుతుందన్నది ఈ నవల వేసే ప్రశ్న.

ఈ దారి మీదైతే మీ ఊరి పేరు మీదే ఒక పాత కథ ఉంది. 11వ శతాబ్దపు వేంగి చాళుక్య శాసనాల్లో వంశం పుట్టుక గురించిన వృత్తాంతం వస్తుంది. దక్షిణాపథానికి దండెత్తి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవుడితో యుద్ధంలో చనిపోతాడు. గర్భవతి అయిన రాణి పురోహితుడితో, కొద్దిమంది పరివారంతో ముడివేము అనే అగ్రహారానికి చేరుతుంది. అక్కడ విష్ణుభట్ట సోమయాజి ఆమెను కూతురిలా కాపాడతాడు. పుట్టిన బిడ్డ విష్ణువర్ధనుడై పోయిన రాజ్యాన్ని నిలబెడతాడు. ఆ ముడివేము పెద్దముడియమేనని చరిత్రకారులు గుర్తించారు. రాజు పోయాడు, సైన్యం పోయింది, మిగిలింది ఒక గర్భిణి, ఆమెకు తలుపు తీసిన ఒక ఇల్లు. ప్రళయం తర్వాతి కథకు ఇంతకంటే గట్టి మొదలు ఏముంటుంది? సినిమాల దారిలో ఈ కథల్లోకి వచ్చినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లోనూ ఎండిపోయిన లోకం మధ్య కాపాడవలసి వచ్చేది ఒక గర్భిణినే.

నాలుగో దారి, జ్ఞాపకాన్నీ చదువునూ కాపాడే కథలు. ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ 2014లో రాసిన 'స్టేషన్ ఎలెవెన్'లో ఫ్లూ జ్వరం లోకాన్ని ఊడ్చేసిన ఇరవై ఏళ్ళకు ఒక నాటకసమాజం ఊరూరా తిరిగి షేక్‌స్పియర్ నాటకాలు ఆడుతుంది. విమానాశ్రయంలో చిక్కుకుని అక్కడే స్థిరపడినవాళ్ళు పనిచేయని ఫోన్లను, క్రెడిట్ కార్డులను ఒకచోట పేర్చి మ్యూజియం పెడతారు. వాల్టర్ మిల్లర్ 'ఎ కాంటికల్ ఫర్ లీబోవిట్జ్' 1959 నాటిది. అణుయుద్ధం తర్వాత ఎడారిలోని ఒక మఠంలో సన్యాసులు అర్థం తెలియకపోయినా పాత కాగితాలకు నకళ్ళు రాసి వందల ఏళ్ళు దాచిపెడతారు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలోని మోంటె కసీనో మఠం మీద జరిగిన బాంబుదాడిలో మిల్లర్ స్వయంగా పాల్గొన్నాడు. పుస్తకాల మఠాన్ని కూల్చినవాళ్ళలో ఒకడైన మనిషి పుస్తకాలను కాపాడే మఠం గురించి రాశాడని తెలిశాక ఆ నవల బరువు పెరుగుతుంది.

ఈ దారిలో నడిచేవాళ్ళు ఒకసారి కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్ళి రండి. పాడవుతున్న తెలుగు తాళపత్రాలను సేకరించి, పండితులను కూర్చోబెట్టి నకళ్ళు రాయించి, పాఠాలు పరిష్కరింపజేసిన బ్రౌన్ కడపలో నివసించిన చోట అది వెలిసింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల లేకపోతే అది ఉండేది కాదు. మిల్లర్ నవలలోని సన్యాసుల పని మన జిల్లాలో నిజంగా జరిగిన పని.

అయిదో దారి, కట్టు తెగినప్పుడు మనిషి ఏమవుతాడో చూపే కథలు. పోర్చుగీసు రచయిత జూజే సరమాగో 1995లో రాసిన నవల ఇంగ్లీషులో 'బ్లైండ్‌నెస్'. ఊరంతా ఒకరి తర్వాత ఒకరికి చూపు పోతుంది. చూపు పోయినవాళ్ళను పాడుబడిన ఆసుపత్రిలో పెట్టి కాపలా కాస్తారు. లోపల తిండి కోసం జరిగే ఘోరాలకు చూపున్న ఒకే ఒక స్త్రీ సాక్షి. సరమాగోకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది చాలా గట్టి పుస్తకం. మనసు దిగులుగా ఉన్న రోజుల్లో దీన్ని పట్టుకోకండి.

తెలుగులో ఈ దారికి తిక్కన మౌసలపర్వం ఉంది. యాదవులు తమలో తాము కొట్టుకుని నశిస్తారు, కృష్ణుడు వెళ్ళిపోతాడు, ద్వారక సముద్రంలో మునుగుతుంది. మిగిలిన స్త్రీలను, పిల్లలను అర్జునుడు తీసుకుపోతుంటే దారిలో దొంగలు పడి దోచుకుంటారు. గాండీవం పట్టిన చెయ్యి ఏమీ చేయలేకపోతుంది. పద్యం కష్టమనిపిస్తే మంచి వచనభారతంలో ఈ పర్వం ఒక్కటే చదవండి. చిన్నది. ప్రళయం తర్వాతి సాహిత్యంలో ఇంత నిర్దయగా నిజం చెప్పినవి అరుదు.

సీమ పాఠకుడి చేతిలోని బలం

ప్రళయం అంటే భూగోళమంతా ఒకేసారి కూలడమే కానక్కర్లేదు. ఒక ప్రాంతానికి, ఒక ఊరికి లోకం కూలిపోవచ్చు. 1876-78 నాటి ధాత కరువు సీమను ఊడ్చేసింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కూడా ఈ జిల్లాల్లో గంజికేంద్రాల ముందు జనం వరస కట్టారు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' ఆ ఎండిన పెన్న ఒడ్డు బతుకును కావ్యం చేసింది. అది నవల కాదు. అయినా 'ద రోడ్' చదివిన గుండెతో చదివితే అందులోని రంగడు, గంగమ్మ మీకు కొత్తగా కనిపిస్తారు. కడప జిల్లాలోనే పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కథల్లో వానను నమ్ముకున్న నేల, అప్పు, వలస, ఊరి కక్షలు మనిషిని ఎంత లోపలి నుంచి తినేస్తాయో కనిపిస్తుంది. బండి నారాయణస్వామి 'శప్తభూమి' 18వ శతాబ్దపు సీమను చూపిస్తుంది. దానికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇంకా దగ్గరికి రండి. గండికోట జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. సీమ పొలాలకు ఆ నీళ్ళు కావాలి, అందులో సందేహం లేదు. ఆ నీళ్ళ కింద తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఉన్నాయి. పుట్టిన ఇల్లు, గుడి, బడి, శ్మశానం వదిలి కొత్త కాలనీకి మారినవాళ్ళు మీ బంధువుల్లోనే ఉండవచ్చు. 'స్టేషన్ ఎలెవెన్'లో మ్యూజియం పెట్టినవాళ్ళ బాధ ఏమిటో వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఈ అనుభవం తెలిసిన పాఠకుడికి, లోకంలో ఎక్కడ రాసిన ప్రళయ నవలైనా, లోపలికి పోవడానికి దారి తెరిచే ఉంటుంది. దాన్ని తక్కువ చేసుకోవద్దు.

పుస్తకం చేతికి రావాలంటే

మొదట గ్రంథాలయం. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పడుతుంది. అంటే ఆ పుస్తకాలు మన డబ్బుతో కొన్నవే. జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో సభ్యత్వం తీసుకోండి. 'ప్రళయం కథలు ఉన్నాయా సార్' అని అడిగితే గ్రంథపాలకుడు ఏం ఇవ్వాలో తోచక నిలబడిపోతారు. 'కేశవరెడ్డిగారి నవలలు ఏమున్నాయి సార్, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారివి ఉన్నాయా' అని రచయిత పేరుతో అడగండి. లేకపోతే పుస్తకం పేరు, రచయిత పేరు, ప్రచురణకర్త పేరు రాసిచ్చి తెప్పించమని కోరండి. నలుగురు కలిసి అడిగితే ఆ మాటకు బలం ఎక్కువ.

రెండోది ఫోన్. పాత పుస్తకాల్లో కాపీరైటు గడువు ముగిసినవి ప్రాజెక్ట్ గుటెన్‌బెర్గ్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. మేరీ షెల్లీ 1826 నాటి 'ద లాస్ట్ మ్యాన్', జాక్ లండన్ 'ద స్కార్లెట్ ప్లేగ్' రెండూ అక్కడ ఉన్నాయి. ఇంగ్లీషు నవల ఇంతవరకు చదవనివాళ్ళు జాక్ లండన్‌తో మొదలుపెట్టండి. అది చాలా చిన్నది. 1912లో అచ్చయిన ఆ కథ 2073లో జరుగుతుంది. ఒకప్పుడు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ముసలాయన, మేకలు కాసుకునే మనవళ్ళకు అరవై ఏళ్ళ కిందటి ప్రళయం గురించి చెబుతాడు. పిల్లలు సగం నమ్మరు, సగం నవ్వుతారు. ఆయన మాత్రం ఎప్పటికైనా ఎవరైనా చదువుతారని ఒక గుహలో పుస్తకాలు దాచిపెట్టాడు.

మూడోది ముందే రుచి చూడడం. ఏ పుస్తకమైనా కొనేముందు మొదటి ఇరవై పేజీలు చదవండి. ఆన్‌లైన్‌లో నమూనా పేజీలు ఇస్తారు. ఆ ఇరవై పేజీల్లో మీరు కాగితం మీద రాసుకున్న వాక్యం జాడ కనిపించిందా? మనుషులు ఒకరిని ఒకరు పట్టించుకుంటున్నారా, తుపాకుల పేర్లే వినిపిస్తున్నాయా? జాడ లేకపోతే వదిలేయండి. చేతికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ పూర్తి చేయాలన్న నియమం ఏమీ లేదు.

చదివే వరస

బరువైన నవలలు రెండు వరసగా చదవకండి. ఒకటి బరువైనది చదివితే తర్వాతది ఊరటనిచ్చేది ఉండాలి. 'ద రోడ్' తర్వాత 'బ్లైండ్‌నెస్' పట్టుకుంటే మనసు మొద్దుబారుతుంది. 'ద రోడ్' తర్వాత 'కొండపొలం', 'బ్లైండ్‌నెస్' తర్వాత 'స్టేషన్ ఎలెవెన్' అన్నట్టు మార్చి చదవండి. రాత్రి పడుకునేముందు కాకుండా పగటిపూట చదవండి. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, చేతికొచ్చిన పంట పోయి ఉంటే, కొన్ని నెలలు వీటిని పక్కన పెట్టండి. పుస్తకం ఎక్కడికీ పోదు.

భాష విషయంలోనూ వరస పాటించండి. 'ద స్కార్లెట్ ప్లేగ్', తర్వాత చిన్న చిన్న వాక్యాల 'ద రోడ్', ఆ తర్వాత 'స్టేషన్ ఎలెవెన్', చివరగా 'లీబోవిట్జ్'. ప్రతి ఇంగ్లీషు నవలకూ జతగా ఒక తెలుగు పుస్తకం ఉంచండి. ఇంగ్లీషులో తడబడినచోట తెలుగు పుస్తకం చదువు మీద ఆశను నిలబెడుతుంది.

ఈ వారం మీరు చేయవలసినవి

కాగితం మీద నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. మీ దారి ఏదో గుర్తించండి. ఆ దారిలోంచి ఒక బయటి పుస్తకం, దానికి జతగా ఒక తెలుగు పుస్తకం ఎంచుకోండి. గ్రంథాలయంలో ఒకటి అడగండి, ఫోన్‌లో ఒకటి దించుకోండి.

తర్వాత ఇంకో పని చేయండి. ఇంట్లో జేజినాయనో, అవ్వో ఉంటే కూర్చోబెట్టి, 'కరువులో ఏం తిన్యారు జేజినాయనా? ఇల్లు ఇడిసిపెట్టి పోయేటప్పుడు ఏం ఎత్తుకపోయినారు?' అని అడగండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టండి. ముంపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు తెలిసి ఉంటే వాళ్ళనూ అడగండి. మీరు వెతుకుతున్న నవల ఇంకా ఎవరూ రాసి ఉండకపోవచ్చు. పెద్ద పాఠకుల్లో చాలామంది తాము చదవాలనుకున్న పుస్తకం లేదని తెలిసినప్పుడే రచయితలయ్యారు. కుందూ ఒడ్డున నల్లరేగడి మీద పుట్టినవాళ్ళు ప్రళయం తర్వాతి బతుకు గురించి రాయవలసింది చాలా ఉంది. ఆ నవలకు ముడిసరుకు మీ ఇంట్లోనే మాట్లాడుతోంది. ఈ వారమే రాసుకోవడం మొదలుపెట్టండి.